పాత లెన్సులు, కొత్త డబ్బా

మొన్న అల్మారీ సర్దుతుంటే ఆ నల్ల రెగ్జిన్ సంచీ మళ్లీ చేతికి తగిలింది. లోపల నికాన్ ఎఫ్‌ఎం10 కెమెరా, దాని లెన్సులు. 28, 50, 135. 1997లో భాయీజాన్ దుబాయ్ నుంచి మొదటి ఛుట్టీకి వచ్చినప్పుడు తెచ్చాడు. అందరి అన్నలూ టేప్‌రికార్డర్లు, కంబళ్లు, అత్తరు సీసాలు తెస్తే మా అన్న నాకు కెమెరా తెచ్చాడు. "అఖ్బార్ మే లిక్‌రా నా, తస్వీర్ భీ తూ హీచ్ ఖేంచ్" అన్నాడు. అది ఆయన ఎన్ని నెలల కమాయీయో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

అప్పుడు వేములవాడలో విలేకరి అంటే రీలు హిసాబ్ తెలిసినవాడు. రీలుకి ముప్పై ఆరు ఫ్రేములు. శివరాత్రి జాతర, కోడె మొక్కులు, రాజన్న గుడి ఆవరణలోనే ఉన్న దర్గా దగ్గర మొక్కు చెల్లించే హిందూ తల్లులు, అన్నీ ఏడెనిమిది ఫ్రేముల్లో అయిపోవాలి. మిగతావి సిరిసిల్ల సాంచాల కోసం, ఎవరో మంత్రిగారి కోసం దాచుకోవాలి. రీలు కవర్లో పెట్టి కరీంనగర్ బస్సు డ్రైవర్ చేతికిచ్చి, బిస్మిల్లాహ్ అనుకుని ఇంటికొచ్చేవాణ్ణి. ఫోటో పడిందా పాడైందా అన్నది మర్నాడు పేపర్ చూస్తేనే తెలిసేది.

2011 నాటికి ఆ ఆట ముగిసింది. డెస్కు వాళ్లకు మెయిల్లోనే కావాలి. హైదరాబాదులో ఓ దుకాణానికి వెళ్లి, నా లెన్సులు బల్ల మీద పెట్టి, "వీటికి పడే డబ్బా ఇవ్వు" అన్నాను. నికాన్ వాళ్లు 1959లో పెట్టిన లెన్సు మూతిని అప్పటికీ తమ ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల్లో మార్చలేదు. కెనాన్ వాళ్లు 1987లో మార్చేస్తే పాత లెన్సులున్నవాళ్లు నెత్తి కొట్టుకున్నారు. అంచేత నా ధీమా నాది. కుర్రాడు డీ3100 తీసి "అన్నీ పడ్తయ్ అన్నా" అన్నాడు.

పడ్డాయి. అబద్ధం కాదు. కానీ ఇంటికొచ్చి 50 తగిలిస్తే, లెన్సు లేదంటుంది కెమెరా! చేతిలో ఉన్నదాన్ని లేదంటే ఏం చేస్తాం. ఎం అక్షరం మీదికి తిప్పితే బటన్ పడింది గానీ లోపలి మీటర్ ముర్దా. పాత లెన్సులో చిప్పు లేదు, అది చెప్పే మాట ఈ చిన్న డబ్బాకి వినబడదు. వినే డబ్బాలు ఉన్నాయి, డీ7000 లాంటివి. వాటి ఖీమత్ వేరు. ఫ్లాష్ కొనే ముందు పిల్లల ఫీజు గుర్తొచ్చే మనిషిని నేను.

సరే, పాత సబక్ తీశాను. నిండు ఎండలో ఎఫ్16 పెట్టి, ఫిల్ము స్పీడెంతో షట్టర్ స్పీడ్ అంత. ఐఎస్‌ఓ 200 అయితే 1/200. నీడలో రెండు మూడు మెట్లు తెరవాలి. తప్పితే తెర మీద చూసుకుని దిద్దుకోవడమే, రీలు ఖర్చు లేదుగా. వారం తిరిగేసరికి మీటర్ లేదన్న సంగతే మరిచిపోయాను.

లెన్సులు మాత్రం నన్ను కొత్తగా చూడటం మొదలెట్టాయి. ఈ కెమెరాలో వెలుగు పడే పలక ఫిల్ము ఫ్రేము కన్నా చిన్నది, లెక్క ఒకటిన్నర రెట్లు. నా 50 కాస్తా 75 లాగా, 135 సుమారు 200 లాగా అయ్యాయి. సభల్లో వేదిక మీదున్న మొహాలకు 135 మజా ఇచ్చింది. గల్లీల్లో 28 మాత్రం దగా చేసింది, 42 లాగా ఇరుకై. నికాహ్‌లో ఖాజీసాబ్ నుంచి దూల్హా దాకా ఒక్క ఫ్రేములో పట్టాలంటే గోడలోకి వెనక్కి నడవాలి. దానికి డబ్బాతో వచ్చిన 18-55 ప్లాస్టిక్ లెన్సే గతి.

అసలు ముసీబత్ నా కళ్లు. ఎఫ్‌ఎం10 అద్దంలో మధ్యన చిన్న గుండ్రం ఉంటుంది, బొమ్మ రెండు ముక్కలుగా కనిపించి, కలిస్తే ఫోకస్. కొత్తదాంట్లో అది లేదు, అద్దం కూడా చిన్నది. నాకేమో నలభై దాటింది, చత్వారం. ఐనక్ పెట్టుకుంటే కెమెరాకి కన్ను ఆనదు, తీస్తే వేలితో తిప్పే అంకెలు కనబడవు. మూడింట ఒకటి మసక. దుమ్ము సంగతి కూడా చెప్పాలి. సిరిసిల్ల సాంచాల షెడ్డులో లెన్సు మార్చాను, బేవఖూఫ్‌ని. నూలు పీచు లోపలికి పోయి పలక మీద కూర్చుంది. ఫిల్ముకి దుమ్ము పడితే ఆ ఫ్రేముతో పోయేది, ఇక్కడ నెల రోజులు ప్రతి ఫోటోలో ఆకాశం మీద అదే మచ్చ.

భాయీజాన్ ఫోన్ చేసినప్పుడల్లా "మేరే లెన్సాఁ చల్‌రైఁ?" అనేవాడు. "ఏక్‌దమ్" అనేవాణ్ణి. మీటర్ మాట ఎప్పుడూ చెప్పలేదు. ఒకసారి అడిగాడు, "తో ఫిర్ అమ్మీ కా ఏక్ ఫోటో భేజ్."

అమ్మీ ఫోటో దిగదు. జిద్. హజ్ కోసం పాస్‌పోర్టుకి ఒక్కసారి దిగింది, అందులో పోలీసు ముందు నిలబడ్డట్టు ఉంటుంది. ఓరోజు అసర్ నమాజ్ చదివి, దాలాన్‌లో తస్బీహ్‌తో కూర్చుంది. పక్కనుంచి ఎండ. 50ని ఎఫ్1.8కి తెరిచి, దూరం నుంచే తీశాను. ఒక్కటే. ఎప్పుడూ కుదరని ఫోకస్ ఆ పూట కుదిరింది, కనురెప్పల మీద. టక్‌మన్న శబ్దానికి తిరిగి చూసింది. చూపించమంది. ఫిల్మైతే చూపించడానికి ఏముంటుంది?

చూసి నవ్వింది. "యే బుడ్ఢీ కౌన్ రే?" తర్వాత నవ్వు ఆపి, "నక్కో బేటా, మిటా దే."

భాయీజాన్ అడిగాడన్నాను. "ఉనే ఆకో దేఖ్ లేగా. మిటా దే."

ఆమెకు ఆ బటన్లు తెలియవు. మిటాయా అని అబద్ధం చెప్పొచ్చు. నికాన్‌లో చెత్తబుట్ట బటన్ రెండుసార్లు నొక్కాలి, మొదటిసారి నిజమేనా అని అడుగుతుంది. మొహం ఆమెది, హక్ ఆమెది అనుకున్నాను. రెండోసారి కూడా నొక్కాను.

రెండేళ్లకు అమ్మీ వెళ్లిపోయింది. భాయీజాన్ విమానం దిగి వచ్చేసరికి మట్టి ఇచ్చేసి ఇరవై గంటలు. తుడిచిన ఫైలు వెంటనే పోదని, దాని మీద వేరే ఫోటోలు పడేదాకా వెనక్కి తీయొచ్చని ఆ తర్వాతెప్పుడో ఒక కుర్రాడు చెప్పాడు. అప్పటికి ఆ కార్డు మీద రెండు జాతరలు తిరిగాయి. కంప్యూటర్‌లో ఆ రోజు ఫోల్డర్ ఉంది, 0213 తర్వాత 0215.

భాయీజాన్ మొన్న ఫోన్లో మళ్లీ అడిగాడు, ఎక్కడైనా ఒక్క మంచి ఫోటో ఉండదా అని. ఢూండ్‌తా హూఁ అన్నాను. మేమిద్దరం చదివింది ఉర్దూ మీడియం. నేను డిగ్రీలో తెలుగు పట్టుకున్నాను, ఆయన టెన్త్ కాగానే గల్ఫ్ దారి పట్టాడు. తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.