ఓడిపోయే హక్కు

ఉప్పల్ అంటే అందరికీ క్రికెట్టే. ఐపీఎల్ వచ్చిందంటే మా రోడ్లన్నీ నారింజ రంగు చొక్కాలే. ఆ హోరులో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్లం నాచారం మొత్తమ్మీద పదిమందిమి దొరకం. వెల్డింగ్ షెడ్డులో పనిచేసే యాదవుల పిల్లగాడు, మందుల కంపెనీ సూపర్‌వైజర్ ఒకాయన, ఇంజినీరింగ్ చదివే ఇద్దరు, నేను. హైదరాబాద్ ఎఫ్‌సీ మ్యాచ్ ఉన్న రోజు ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, రాయదుర్గంలో దిగి, ఆటో పట్టుకుని గచ్చిబౌలి పోయేవాళ్లం. ఊరి ఈ కొస నుంచి ఆ కొసకి.

2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి మా జట్టు ఛాంపియన్ అయింది. కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. కోచ్ మనోలో మార్కెజ్, స్పెయిన్ మనిషి. ఆయన 2023లో గోవా వెళ్లిపోయాడు. ఆ తర్వాత అంతా దిగుడే. ఐర్లండ్ నుంచి వచ్చిన కానర్ నెస్టర్ సగంలో వెళ్లిపోయాడు. జీతాల బకాయిలు పడ్డాయి. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. 2023-24 సీజన్ మొత్తంలో గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్. 2024 డిసెంబర్‌లో థాంగ్‌బోయ్ సింగ్తో కూడా పోయాడు. ఎవరిని తేవాలి?

చాయ్ హోటల్లో మా పంచాయితీ మొదలైంది. "మనోలో లెక్క స్పెయిన్ నుంచే ఇంకొకణ్ణి తేవాలె" అని పిల్లలు. "పైసలేవి? ఉన్నోళ్లకే జీతాల్లెవ్వు" అని సూపర్‌వైజర్. "మన హైదరాబాదీని పెట్టరాదూ" అని వెల్డింగ్ తమ్ముడు. ఇంతలో క్లబ్ రిజర్వ్ జట్టును చూసుకునే కేరళ మనిషి షమీల్ చెంబకత్‌కు తాత్కాలికంగా బాధ్యత అప్పగించారు. పేరు చెవిన పడగానే మా సూపర్‌వైజర్ నా భుజం తట్టాడు. "భాయ్, మీవాడే వచ్చిండు గదా, ఇంక ఖుషే!"

ఆ మాటలో విషం లేదు. పదిహేనేళ్ల దోస్తీ మాది. రంజాన్‌కు మా ఇంట్లో సేమ్యా తాగుతాడు, బోనాలకు వాళ్లింట్లో నేను తింటాను. అయినా నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. ఆ రాత్రే పాతబస్తీ నుంచి మా మామూ ఫోన్ చేశాడు. ఆయన ఫుట్‌బాల్ చూసి ముప్పై ఏళ్లయింది. "సునా? అప్నా ఆద్మీ ఆయా!" అన్నాడు. ఇక్కడ "మీవాడు", అక్కడ "అప్నా ఆద్మీ". మలప్పురం మనిషికీ నాచారంలో తెలుగు పత్రికకు వార్తలు రాసుకునే నాకూ చుట్టరికం రెండు వైపుల నుంచీ కలిపేశారు.

మొదటి కోచ్ ఫిల్ బ్రౌన్ ఇంగ్లండ్ మనిషి. వరసగా ఓడిపోతుంటే 2020 జనవరిలో తీసేశారు. అప్పుడు ఇంగ్లీషోళ్లకు ఆట రాదని మా హోటల్లో ఎవరూ అనలేదు. నెస్టర్ వెళ్లిపోతే ఐరిష్ జాతి నమ్మకం మీద చర్చ నడవలేదు. బ్రౌన్ బ్రౌన్‌గానే ఓడాడు, నెస్టర్ నెస్టర్‌గానే పోయాడు. కోచ్ ఉద్యోగమంటేనే ఓడితే పీకేసే ఉద్యోగం. కానీ "మీవాడు" అని పేరు పడ్డాక మనిషి ఒంటరిగా ఓడలేడు. వెంట ఖౌమ్ మొత్తాన్ని ఓడిస్తాడు.

2021 అక్టోబర్ 24న దుబాయ్‌లో పాకిస్తాన్ చేతిలో మన క్రికెట్ జట్టు పది వికెట్ల తేడాతో ఓడింది. పదకొండు మందీ ఓడారు. దేశద్రోహి అని తిట్లు పడింది మాత్రం మహమ్మద్ షమీకి. కెప్టెన్ కోహ్లీ నిలబడి ఆ తిట్టినవాళ్లను దులిపేశాడు గనక సరిపోయింది. కోహ్లీ పక్కన లేని షమీలు బస్తీకొకడున్నాడు. 2023 అక్టోబర్‌లో ప్రపంచకప్ కోసం పాకిస్తాన్ జట్టు ఉప్పల్లోనే రెండు మ్యాచ్‌లు ఆడింది. ఆ వారమంతా "టికెట్ దొరికిందా భాయ్?" అని కన్నుగీటి అడిగినవాళ్లను నేను లెక్కపెట్టుకోలేదు. ఆ కన్నుగీటు చాలు, అద్దెకున్న ఇల్లు కూడా పరాయిదైపోతుంది.

"హైదరాబాదీని పెట్టరాదూ" అన్న తమ్ముడికి నేను ఒక పేరు చెప్పాను. సయ్యద్ అబ్దుల్ రహీం. ఉస్మానియాలో చదువుకున్న బడిపంతులు. 1950లో సిటీ పోలీస్ జట్టు పగ్గాలు పట్టాడు. ఆ ఏడాది ఎలాంటిదో గుర్తు చేసుకోండి. పోలీస్ యాక్షన్ జరిగి రెండేళ్లు. కొలువులు పోయి, ఊళ్లు వదిలి, భయంతో హైదరాబాద్ ముస్లిం తల దించుకుని నడుస్తున్న కాలం. ఆ కాలంలో ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ ఎత్తుకొచ్చింది.

ఆయన గెలుపుల గురించి 2024లో 'మైదాన్' సినిమా కూడా వచ్చింది. నాకు కావలసింది ఆయన ఓటమి. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనల్ని 10-1తో చితక్కొట్టింది. మనవాళ్లలో చాలామందికి కాళ్లకు బూట్లు లేవు. ఆ జట్టు కోచ్ రహీం సాబే. పది గోల్స్! ఈనాడైతే ఆయన పేరును ఏం చేసి ఉండేవాళ్లో ఊహించుకోండి. కానీ 1956 మెల్‌బోర్న్‌కు మళ్లీ ఆయనకే జట్టు అప్పగించారు. ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి సెమీఫైనల్ చేరాం, నాలుగో స్థానంలో నిలిచాం. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారం తెచ్చాం. తర్వాత ఈ దేశానికి ఫుట్‌బాల్‌లో ఆ బంగారం మళ్లీ దక్కలేదు. ఆ జట్టులో హైదరాబాద్ నుంచి పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్, తులసీదాస్ బలరాం ఉన్నారు. బలరాంది సికింద్రాబాద్ అమ్ముగూడ, మా నాచారానికి ఎంతో దూరం కాదు. తొమ్మిది నెలలకే, 1963 జూన్‌లో, క్యాన్సర్‌తో రహీం సాబ్ పోయాడు.

పది గోల్స్‌తో ఓడినవాడికి ఇంకో అవకాశం ఇచ్చారు గనకే ఆ బంగారం వచ్చింది. ఓటమిని ఆయన బూట్లు లేని కాళ్లలో వెతికారు, పేరులో వెతకలేదు.

ఇదంతా చెబితే సూపర్‌వైజర్ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇన్ని తెల్వదు భాయ్, మీ రహీం గొప్పోడే" అన్నాడు. మళ్లీ "మీ". నేను నవ్వాను. నవ్వక ఏం చేస్తాం! అమ్ముగూడ బలరాంకు ఆట నేర్పినవాడు నా ఒక్కడివాడు ఎలా అవుతాడన్నా అని అడిగాను. మామూకు కూడా ఫోన్ చేసి అదే అడిగాను. షమీల్ గెలిస్తే మనకు ఈద్ కాదు, ఓడితే మాతం కాదు, అతణ్ణి అతని పని చేసుకోనివ్వండి అన్నాను. ఆయనకు కోపం వచ్చింది.

2025లో క్లబ్బే ఊరు విడిచిపోయింది. ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. మాకిక తీసేయడానికి కోచ్ లేడు, పెట్టడానికీ లేడు. ఎప్పుడో ఒకనాడు ఈ ఊరికి మళ్లీ జట్టు వస్తుంది. దానికి ఎవరో ఒక రహీమో, రాములో, రాబర్టో కోచ్ అవుతాడు. గెలిస్తే రహీమును ఎలాగూ "మనవాడు" అంటారు. ఐదు మ్యాచ్‌లు వరసగా ఓడిన రోజున కూడా వాణ్ణి కోచ్‌గా మాత్రమే తిట్టండి. ఆటలో తప్పులు ఎంచి, పేరు జోలికి పోకుండా పీకేయండి. మేమడిగే సమానత్వం అంతే.