సారు రాలేదా మేడమ్?

మా వారు మస్కట్ వెళ్ళి మూడేళ్ళు దాటింది. వెళ్తూ వెళ్తూ ఆయన నాకు అప్పజెప్పిన వాటిలో ఇప్పుడు పదో తరగతికొచ్చిన పిల్లాడు, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్ళే అత్తయ్యగారు, ఒక తెల్ల కారు ఉన్నాయి. మొదటి ఇద్దరి గురించీ చాలాసార్లే రాశాను. కారు గురించి రాయాల్సినంత ఎప్పుడూ జరగలేదు, పోయిన గురువారం దాకా.

మేముండేది విజయవాడ పటమటలో. సోమ, గురువారాలు ఉదయం ఆరింటికల్లా అత్తయ్యగారు ఆసుపత్రిలో మంచం మీద ఉండాలి. నాలుగు గంటలు పట్టే పని. వెనక తొమ్మిదిన్నరకి, పదింటికి వచ్చేవాళ్ళు వరసలో ఉంటారు కాబట్టి మనం ఆలస్యమైతే ఆ కోత మనకే పడుతుంది. పోనీ ఆటోలో వెళ్ళచ్చు కదా అంటారు చాలామంది. వెళ్ళేటప్పుడు సరే. వచ్చేటప్పుడు ఆవిడకి బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతుంటాయి. సీటు వెనక్కి వాల్చి, దుప్పటి కప్పి, మెల్లగా తీసుకురావాలి. మా ఇంట్లో కారు షోకు వస్తువు కాదు, సగం మంచం.

ఆ రోజు ఐదుంపావుకి తాళం తిప్పితే టిక్ టిక్ టిక్ మంది. డాష్‌బోర్డు మీద లైట్లు మినుకుమినుకుమని ఆరిపోయాయి. అత్తయ్యగారు అప్పటికే వెనక సీట్లో కూర్చుని ఉన్నారు. "ఏమ్మా?" అన్నారు. "బ్యాటరీ అయిపోయిందండీ" అన్నాను.

ఈ శబ్దాలు మనం పోల్చుకోగలగాలి. ఇంజను గిర్రున తిరుగుతూ కూడా అంటుకోవడం లేదంటే గొడవ ఇంకెక్కడో ఉంది. టిక్కుటిక్కుమని ఊరుకుంటే చాలావరకు బ్యాటరీయే. కానీ మా అపార్టుమెంటులో వాకింగుకి దిగిన ఇద్దరు పెద్దమనుషులు నా మాట వినే స్థితిలో లేరు. ఒకాయన "పెట్రోలుందా అమ్మా?" అని అడిగారు. ఇంకొకాయన అప్పుడే చేతులు మడిచి తోయడానికి సిద్ధమైపోయారు. "ఇది ఆటోమేటిక్ అండీ, తోసినా స్టార్టవ్వదు" అంటే, "ఎందుకవ్వదు, మా మారుతీ ఎన్నిసార్లు తోశామో" అన్నారు. గేర్లు మనం వేసే కారునైతే సెకండు గేరులో పెట్టి, తోస్తూ క్లచ్ వదిలితే లేస్తుంది. ఆటోమేటిక్‌కి ఆ దారి లేదు. అది చెప్పేసరికి ఐదు నిమిషాలు పోయాయి.

ఈలోగా నీళ్ళ ట్యాంకరు డ్రైవరు సాయం చేస్తానన్నాడు. మంచివాడే, కానీ అంత పెద్ద లారీలకి మామూలుగా 24 వోల్టులుంటాయి, మన కార్లకి 12. కలిపామంటే కారులో ఎలక్ట్రానిక్సు కాలిపోతాయి. దండం పెట్టి వద్దన్నాను. పాల ప్యాకెట్లు దింపే ఏస్ బండి కుర్రాడు మాత్రం దేవుడిలా వచ్చాడు. అతని దగ్గర జంపర్ కేబుళ్ళు ఎప్పుడూ ఉంటాయట. "మా బండికి రోజూ ఇదే పని అక్కా" అన్నాడు నవ్వుతూ.

అతను చేసిన వరస రాస్తున్నాను, మీ ఫోనులో దాచుకోండి. రెండు బండ్లూ ఒకదానికొకటి తగలకుండా దగ్గరగా పెట్టాడు, రెండూ ఆపి ఉన్నాయి. ఎర్ర క్లిప్పు ముందు చచ్చిపోయిన బ్యాటరీ ప్లస్‌కి, రెండో ఎర్రది మంచి బ్యాటరీ ప్లస్‌కి. తర్వాత నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కి. చివరి నల్ల క్లిప్పు మాత్రం మా బ్యాటరీకి పెట్టకుండా, దానికి దూరంగా ఇంజను మీద రంగు లేని ఇనుముకి పట్టించాడు. "చివర పెట్టేదాని దగ్గర మెరుపొస్తదక్కా. బ్యాటరీలోంచి గ్యాసొస్తా ఉంటది, రెండూ కలవకూడదు" అన్నాడు. ఆ గ్యాసు హైడ్రోజన్, అంటుకునే రకం. అతని బండి స్టార్టు చేసి నాలుగైదు నిమిషాలు ఆగి నన్ను తాళం తిప్పమన్నాడు. లేచింది! క్లిప్పులు తీయడం సరిగ్గా వెనక నుంచి ముందుకి.

డబ్బులిస్తే పుచ్చుకోలేదు. ఆరుకి ఐదు నిమిషాలుండగా ఆసుపత్రి గేటులో ఉన్నాం, ఏసీ లేకుండా. అత్తయ్యగారు ఒక్క మాట అనలేదు, చీర చెంగుతో విసురుకుంటూ కూర్చున్నారు.

దారిలోనే మా వారి ఫోను వచ్చింది. కొడుకు కంగారుపడి మెసేజ్ పెట్టాడట. విషయమంతా విని, "ఎందుకు నీకీ తలనొప్పులు, అమ్మేద్దాం. క్యాబులు బోలెడున్నాయి" అన్నారు. నా మీద ప్రేమతోనే అన్నారు, నాకు తెలుసు. కానీ ఐదింటికి బుక్ చేస్తే వస్తానని, రెండు నిమిషాలకి రానని కొట్టేసే క్యాబుని ఆయన మస్కట్లో కూర్చుని చూడలేరు కదా. "తర్వాత మాట్లాడదాం" అని పెట్టేశాను.

నాకు మా తెనాలి పెద్దమ్మ గుర్తొచ్చింది. వాళ్ళకి అంబాసిడర్ ఉండేది. దానికి ముందు వైపు కంతలో ఇనప హ్యాండిల్ దూర్చి తిప్పే ఏర్పాటు ఉండేది. బ్యాటరీ ఎప్పుడూ నీరసమే కాబట్టి హ్యాండిలే గతి. పెద్దమ్మకి డ్రైవింగు చక్కగా వచ్చు, హ్యాండిల్ తిప్పే బలం లేదు. పాలేరు ఉంటే కారు ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. కొన్నాళ్ళకి డ్రైవింగే మానేసింది. అమెరికాలో 1912లో కాడిలాక్ కార్లకి కరెంటు స్టార్టరు వచ్చేదాకా అక్కడా ఈ హ్యాండిలు బాధే, అది ఎదురు తిరిగి చేతులు విరిగేవట. అంటే మనలాంటివాళ్ళం ఎవరి చెయ్యీ అడక్కుండా కారు తీయగలుగుతున్నామంటే ఆ బరువైన డబ్బా వల్లే. దాన్ని మాత్రం ఆడవాళ్ళకి తెలియనక్కర్లేని విషయంగా ఎందుకు చూస్తారో!

అత్తయ్యగారిని నర్సులకి అప్పజెప్పి, కారు ఆపకుండా బందరు రోడ్డు మీద కంకిపాడు దాకా వెళ్ళొచ్చాను. బ్యాటరీ మన ఓవర్‌హెడ్ ట్యాంకు లాంటిది. స్టార్టు చేసినప్పుడు బోలెడు నీళ్ళు ఒక్కసారి పోతాయి, మళ్ళీ నిండడానికి బండి కొంతసేపు నడవాలి. ఇంటి నుంచి ఆసుపత్రికి నాలుగైదు కిలోమీటర్లు. లైట్లు, ఏసీ, బెంజి సర్కిల్లో ఆగుడు. ట్యాంకు ఎప్పుడు నిండాలి? దానికి తోడు నాలుగేళ్ళ పాత బ్యాటరీ, బెజవాడ ఎండలు. చలి దేశాల్లో చలికి మొరాయిస్తాయంటారు గానీ, నిజానికి బ్యాటరీ ఆయుష్షు తినేసేది ఎండే.

అక్కడి నుంచి నేరుగా ఆటోనగర్. ఆగితే షాపు ముందే ఆగుతుంది, అంతే కదా. తొమ్మిదింటికి షట్టరు తీశారు. కుర్రాడు నన్ను, కారుని, నా వెనక ఖాళీ రోడ్డుని చూసి "సారు రాలేదా మేడమ్?" అన్నాడు. "మస్కట్లో ఉన్నారు. మీరు మీటరు పెట్టండి" అన్నాను.

ఇంజను ఆపితే 12.1 చూపించింది. నిండా ఉంటే 12.6 ఉండాలి. లోడ్ టెస్టరు నొక్కగానే 8కి జారిపోయింది. అంటే పైకి మనిషిలాగే ఉంది, లోపల సత్తువ లేదు. అతని బ్యాటరీతో కారు స్టార్టు చేయించి చూస్తే 14.1 వచ్చింది. ఆల్టర్నేటరు బాగానే ఉందన్నమాట. ఇది చూడకుండా కొత్త బ్యాటరీ కొనకండి. ఆల్టర్నేటరు పాడైతే కొత్తది కూడా నాలుగు రోజుల్లో పడుకుంటుంది.

మొదట ఏదో బ్యాటరీ తెచ్చి పెట్టబోయాడు. తయారైన తేదీ చూపించమన్నాను. పది నెలల క్రితంది. వేరేది తెమ్మంటే, ఓనరు అద్దాల మీంచి నన్నొకసారి చూసి లోపల్నుంచి రెండు నెలలదే తెప్పించాడు. వారంటీలో ఎన్ని నెలలు ఉచితంగా మారుస్తారు, ఎన్ని నెలల తర్వాత ధర తగ్గించి ఇస్తారు అని విడివిడిగా అడిగి కాగితం మీద రాయించుకున్నాను. పాతది ఇచ్చేస్తే ఏడొందలు తగ్గింది. అందులో ఎక్కువ భాగం సీసం, చెత్తలో పడేసే వస్తువు కాదు. కుర్రాడు ప్లస్ వైపు స్పానరు పెట్టబోతుంటే "ముందు మైనస్ తియ్యి నాన్నా" అన్నాను. ప్లస్ విప్పుతూ స్పానరు బాడీకి తగిలితే నిప్పురవ్వలే. పెట్టేటప్పుడు మైనస్ ఆఖరున. టెర్మినళ్ళ మీద తెల్లగా పేరుకున్న పొడిని వేడినీళ్ళు, వంటసోడాతో కడిగించాను. ఆ చిట్కా మన వంటింటిదే.

కార్డు రాస్తూ "సారు పేరు చెప్పండి" అన్నాడు. నా పేరు చెప్పాను. ఇంటిపేరుతో సహా.

పదింపావుకి అత్తయ్యగారిని పట్టుకుని కారెక్కించాను. కూర్చోగానే, "ఇప్పుడు ఏసీ వేసుకోవచ్చా అమ్మా?" అని చిన్నపిల్లలా అడిగారు. ఫుల్లు పెట్టి, సీటు వాల్చి, దుప్పటి కప్పాను. బెంజి సర్కిల్ దాటకముందే గురక. ఇల్లు చేరాక కూడా లేపబుద్ధి కాలేదు. చెట్టు నీడన ఆపి, ఇంజను నడుస్తుండగానే కిటికీ సందు దించి పక్కనే కూర్చున్నాను. అప్పుడే మా వారి ఫోను మళ్ళీ మోగింది.

"అత్తయ్యగారు పడుకున్నారండీ, సాయంత్రం చెయ్యండి" అన్నాను గుసగుసగా.

సాయంత్రం బ్యాటరీ ఎంతయిందని మాత్రం అడిగారు. అమ్మకం మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.