గుబులు గుండెకెక్కితే

కోనసీమలో మనసు బాగోలేదని చెప్పుకుంటూ ఎవరూ ఆసుపత్రికి రారు. "ఆయ్, గ్యాస్ పట్టేసిందండీ" అనో, గుండె దడగా ఉందనో, మెడ నరాలు లాగేస్తున్నాయనో వస్తారు. ముందు ఈసీజీ తియ్యాల్సిందే. షుగరున్నవాళ్లలో, పెద్దవాళ్లలో గుండెపోటు కూడా గ్యాస్‌లాగే కనిపించవచ్చు. పరీక్షలన్నీ బాగున్నాయని తేలాక నేనడిగేది ఒకటే: "రాత్రిళ్లు నిద్ర ఎలా ఉంది?" అక్కణ్ణించి అసలు సంగతి బయటికొస్తుంది.

రాజోలు వైపు నుంచి వచ్చే ఒక పెద్దావిడ కూతురు కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. ఆ పిల్ల పని తెముల్చుకుని పదింటికి ఫోను చేస్తే మనకి పన్నెండున్నర. ఈవిడ ఫోను తలగడ కింద పెట్టుకుని, చెవులు రిక్కించుకుని పడుకునేది. ఫోను రాని రోజు తెల్లవార్లూ జాగారమే. మాత్రలు వేసుకుంటున్నా బీపీ దిగలేదు.

"అమ్మా, పడుకోబోయే ముందు వాయిస్ మెసేజి పెట్టమనండి. పొద్దున్నే కాఫీ తాగుతూ విందురుగాని" అన్నాను.

"పిల్లని గాలికొదిలేసినట్టు కాదాండీ?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

అయినా చేసింది. నెల్లాళ్లకి నిద్ర కుదుటపడింది, బీపీ దారికొచ్చింది. కూతురి మీద బెంగ అలాగే ఉంది. కారణం తీరకపోయినా, దాని పట్టునుంచి ఒంటిని విడిపించుకోవచ్చు. నా రోగులందరికీ నేను చెప్పాలనుకునే మాట ఇదే.

ఆపద అనిపించగానే ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ పెరుగుతాయి. గుండె వేగం, బీపీ, రక్తంలో చక్కెర పైకెళతాయి. ఏటిగట్టు తెగిన రాత్రి పరిగెత్తడానికి ఆ బలం కావాలి. ఏళ్లతరబడి తీరని అప్పు విషయంలో మాత్రం ఆ ఉరుకు ఒంటినే తినేస్తుంది.

కొత్తపేట దగ్గరి కౌలు రైతు ఒకాయన అప్పుల దిగులుతో, నిద్ర కోసం రోజూ క్వార్టరు తాగేవాడు. సాగు గిట్టక 2011లో కోనసీమ రైతులు పంట విరామమే ప్రకటించారు, కాబట్టి ఆయన దిగులు పిరికితనం కాదు. కానీ మందు నిద్ర పట్టిస్తుంది, నడిరేయి లేపేస్తుంది. ఎవరికి ఎంత, ఎప్పటిలోగా ఇవ్వాలో భార్యతో కూర్చుని కాగితం మీద రాయమన్నాను. ఆవిడకి తెలియని అప్పులు బయటపడ్డాయి. నాలుగు మాటలు అంది, తర్వాత ముందు ఏది తీర్చాలో ఆవిడే తేల్చింది. ఇప్పుడు సాయంత్రాలు ఇద్దరూ కాలవగట్టున అరగంట నడుస్తున్నారు. తాగుడు నెమ్మదిగా తగ్గింది. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం, డాక్టరు చెప్పినట్టే తగ్గించుకోవాలి.

వారానికి 150 నిమిషాల చురుకైన నడక, మధ్యాహ్నం దాటాక కాఫీ టీలు మానడం, దడ పుట్టినప్పుడు ఊపిరి తీసుకున్నదానికంటే నిదానంగా వదలడం: వీటికి పైసా ఖర్చు లేదు.

రెండు వారాలైనా దిగులు వదలకపోతే, తిండి నిద్ర చెడితే డాక్టరుకి చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను టెలి మానస్ నంబరు 14416కి రాత్రయినా పగలైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. "ఇంక బతికి ఏం లాభం" అనే మాట ఇంట్లో ఎవరి నోటైనా వినపడితే కోప్పడకండి. పురుగుమందు డబ్బా ఇంట్లోంచి తీసేయండి, ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి.