మేము చూసిన ‘చౌరస్తా’

నాన్నగారి బదిలీతో మేము తఖత్‌పూర్ వచ్చి రెండేళ్ళయింది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగువాళ్ళున్నారు గానీ, మా వీధిలో మా ఇల్లొక్కటే. అందుకే అక్కా నేనూ హైదరాబాద్ బ్యాండ్ ‘చౌరస్తా’ పాటలు రోజూ ఫోనులో వింటాం. రెగ్గే లయలో మన పల్లె మాటలు పాడటం వాళ్ళ ప్రత్యేకత.

వేసవి సెలవుల్లో బిలాస్‌పూర్‌లో తిరుపతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి విశాఖలో అత్తయ్యవాళ్ళింటికి వెళ్ళాం. అక్కడే వాళ్ళ కచేరీ చూశాం! పాటకంటే ముందు డ్రమ్ము దెబ్బ గుండెల్లో మోగింది. ‘ఊరెళ్ళిపోతా మామా’ మొదలవగానే మైదానమంతా గొంతు కలిపింది. బదిలీల పిల్లలం కదా, మా ఊరు ఏదంటే వెంటనే చెప్పలేం. ఆ పాట మాత్రం మొదటినుంచి చివరిదాకా మాకూ వచ్చు. అందరితో కలిసి గొంతు బొంగురుపోయేదాకా పాడాం. ఆ రాత్రి ‘మీది ఏ ఊరు?’ అని మమ్మల్ని ఎవరూ అడగలేదు.