బండి దొరక్కపోయినా

తెల్లారకముందే ఓర్వకల్లు వైపు హైవే పక్కన సైకిళ్ల మీద పనికి పోయేవాళ్లను చూస్తే గుండె దడదడలాడుతుంది. వెనక రిఫ్లెక్టర్ ఉండదు. హ్యాండిల్‌కు అన్నం క్యారియర్ ఊగుతుంటాది. పక్కనే లారీలు రయ్యిమని పోతుంటాయి. కర్నూలు నుంచి కడప దాకా ఇదే వరస. గుద్దినోడు ఆగకుండా పోతే, ఆ ఇంటికి ఇంక దిక్కెవరు?

చానా మందికి తెలియని సంగతి ఒకటుంది. గుద్దిన బండి దొరక్కపోయినా ప్రభుత్వ పథకం కింద పరిహారం వస్తుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి మనిషి చనిపోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు. అంతకుముందు చావుకు ఇచ్చింది 25 వేలే! ఇప్పటిదీ చాలదు, ఒప్పుకుంటా. కానీ వదులుకోవద్దు. దీనికి కోర్టుకు పోయే పని లేదు, దరఖాస్తు ఆర్డీవో లేదా తహసీల్దారు ఆఫీసులో ఇయ్యాల. నెలలోపు బండి ఆచూకీ దొరక్కపోతే పోలీసులే ఈ పథకం గురించి బాధితులకు రాతపూర్వకంగా తెలపాలని 2024 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

మీ వీధిలో అట్లాంటి ఇల్లుంటే ఈరోజే పోయి చెప్పండి. రాసుకోవడం రానోళ్లయితే పక్కన కూర్చొని దరఖాస్తు నింపిపెట్టండి.