వెలుతురుతో రాసిన పేరు

ఫోటో అంటే క్షణంలో అయిపోయే పని అని మనలో చాలామంది అనుకుంటాం. "రెడీ" అంటారు, క్లిక్‌మంటుంది, అంతే. కానీ అర నిమిషం, ఒక్కోసారి పది నిమిషాల పాటు కూడా కెమెరా కన్ను తెరిచి ఉంచి తీసే ఫోటోలు ఉన్నాయి. చీకటి రాత్రి కెమెరాను కదలకుండా నిలబెట్టి, దాని ఎదురుగా టార్చిలైటుతో గాలిలో గీతలు గీస్తే, ఆ గీతలన్నీ కలిసి ఒకే ఫోటోలో బొమ్మగా పడతాయి. దీన్ని లైట్ పెయింటింగ్ అంటారు. కొన్నేళ్లుగా నాకు పట్టుకున్న పిచ్చి ఇది. మన హాస్టల్ వార్షిక సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగితే, దీని గురించే రాయాలనిపించింది.

పేరు కొత్తగా ఉన్నా సంగతి మనకు కొత్త కాదు. దీపావళికి కాకరపువ్వొత్తి పట్టుకుని గాలిలో సున్నాలు చుట్టని వాళ్లెవరు? బొగ్గుపొడి, ఉప్పు కలిపి గుడ్డలో పొట్లం కట్టి, తాటిమట్టల మధ్య బిగించి, నిప్పంటించి గిరగిరా తిప్పితే రవ్వలు చక్రంలా విచ్చుకుంటాయి. ఆ చక్రం నిజానికి లేదు. ఉన్నది తిరుగుతున్న ఒక్క నిప్పే. మన కన్ను దాని జాడను రెప్పపాటు సేపు నిలుపుకుంటుంది. కెమెరా అయితే షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ నిలుపుకుంటుంది. తేడా అంతే.

దీనికి ఖరీదైన కెమెరాయే కావాలని లేదు. ఇప్పుడు చాలా ఫోన్లలో "ప్రో" అనే పద్ధతి ఉంటుంది. అందులో షట్టర్ వేగాన్ని 20 లేదా 30 సెకన్లకు, ఐఎస్ఓను 100కు పెట్టుకోవాలి. స్టాండు లేకపోతే మన ట్రంకుపెట్టె మీద రెండు ఇటుకలు పేర్చి, వాటి మధ్య ఫోన్ నిలబెట్టండి. వేలు తగిలినా ఫోటో చెదిరిపోతుంది కాబట్టి టైమర్ పెట్టి పక్కకు తప్పుకోవాలి. చీకట్లో ఫోకస్ కుదరదు. అందుకని మనిషి నిలబడే చోట ముందుగా టార్చి వేసి, ఫోకస్ చేసి, అది మళ్లీ మారకుండా బిగించేయాలి. అమావాస్య ముందూ వెనకా రోజులు మంచివి. కరెంటు పోతే ఇంకా మంచిది.

టార్చిని కెమెరా వైపు తిప్పితే గీత పడుతుంది. కెమెరాకు పెడగా తిప్పి చెట్టు మీద వేస్తే ఆ చెట్టు వెలుగుతుంది. కొబ్బరిచెట్టును పక్కనుంచి కింది నుంచి మొవ్వు దాకా మెల్లగా టార్చితో తడిమి చూడండి. మాను గీతలతో సహా స్పష్టంగా వస్తుంది, గాలికి ఊగే మట్టలు మాత్రం పొగలా చెదిరిపోతాయి. సఖినేటిపల్లి రేవులో చీకటి పడ్డాక పంటు నరసాపురం వైపు కదులుతుంటే షట్టర్ తెరిచాను. ఫోటోలో పంటు లేదు, జనం లేరు. వశిష్ఠ మీద అడ్డంగా ఒక పసుపుపచ్చ గీత, దాని కింద అద్దంలా నునుపుగా నీళ్లు, అంతే ఉన్నాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అక్షరాలు రాయడం. మన లిపి గుండ్రనిది కాబట్టి చేతిని తిప్పుకుంటూ పోవచ్చు. వత్తులు, సున్నలు వచ్చిన చోట మాత్రం టార్చి ముందు అరచెయ్యి అడ్డం పెట్టి, చెయ్యి జరిపి, మళ్లీ తీయాలి. కెమెరాకు ఎదురుగా నిలబడి రాస్తాం గనుక అక్షరాలు తిరగబడి వస్తాయి. తర్వాత ఫోటోను అద్దంలో చూసినట్టు తిప్పుకుంటే సరి. "అమలాపురం" అని రాయాలంటే ఒక్కడి వల్ల 30 సెకన్లలో కావడం కష్టం. ఇద్దరు పంచుకోవాలి.

ఇలా రాసినవాడు ఫోటోలో ఉండడు. నల్లచొక్కా వేసుకుని కదులుతూ ఉంటే వాడి మీద పడే వెలుతురు చాలదు, అందుకని మాయమైపోతాడు. మొదట్లో ఇది నాకు గమ్మత్తుగా ఉండేది. తర్వాత తర్వాత ఆలోచనలో పడేసింది.

1838లో పారిస్‌లో డాగేర్ అనే ఆయన ఒక పెద్ద వీధిని ఫోటో తీశాడు. షట్టర్ నిమిషాల తరబడి తెరిచి ఉంచాల్సిన కాలం అది. వీధిలో బళ్లూ మనుషులూ తిరుగుతూనే ఉన్నా కదిలినవాళ్లంతా మాయమయ్యారు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ నిలబడ్డ ఒక మనిషి, ఆయన ముందు కూర్చుని పని చేస్తున్న మరో మనిషి మాత్రం మిగిలారు. మనుషులు పడిన ఫోటోల్లో ఇప్పటికి తెలిసినంతలో మొదటిది ఇదేనంటారు. అంటే ప్రపంచంలో మొట్టమొదట ఫోటోలో పడ్డవాళ్లలో ఒకడు బూట్లు తుడిచే కూలి. ఆ ఇద్దరి పేర్లూ ఎవరికీ తెలియవు.

1910ల దశకంలో అమెరికాలో ఫ్రాంక్ గిల్‌బ్రెత్, లిలియన్ గిల్‌బ్రెత్ అనే దంపతులు పనివాళ్ల చేతులకు చిన్న బల్బులు కట్టి, షట్టర్ తెరిచి ఉంచి ఫోటోలు తీశారు. చెయ్యి ఎటు నుంచి ఎటు పోయిందో వెలుగు గీతలో తెలిసేది. అనవసరపు కదలికలు తగ్గించి పని తేలిక చేయాలన్నది, త్వరగా ముగించాలన్నది వాళ్ల ఉద్దేశం. ఆ ఫోటోల్లో శ్రమ తీగలా మెరుస్తుంది. శ్రమ చేసిన మనిషి మాత్రం మసగ్గా మిగిలిపోతాడు.

అవి చూసినప్పుడల్లా నాకు మా నాన్న గుర్తొస్తాడు. నాన్న పెళ్లి ఊరేగింపుల్లో పెట్రోమాక్స్ లైటు మోసేవాడు. తల మీద గుడ్డ చుట్ట, దాని మీద బుస్సుమంటూ లైటు, రాత్రంతా నడక. తర్వాత జనరేటర్ బండ్లు వచ్చినా ట్యూబులైట్లు మోసింది మనుషులే. నాన్న నడిచిన ఊరేగింపుల్లో ఒకదాని ఆల్బం చూసే అవకాశం నాకు దొరికింది. పెళ్లికొడుకు ఉన్నాడు, కారు ఉంది, మేళం వాళ్లు సగం సగం ఉన్నారు. ఒక్క ఫోటోలో మాత్రం అంచున లైటు గాజు, దాని కింద తలగుడ్డ కొస కనిపించాయి. ఆ కొస నాన్నదే. ఆ ఊరేగింపులో ఆయన ఫోటో అంటే అదే.

మరి వెలుగు పట్టినవాడు కూడా ఫోటోలో పడే దారి లేదా? ఉంది. 1949లో జాన్ మిలీ అనే ఫోటోగ్రాఫర్ ఫ్రాన్స్‌లో పికాసో దగ్గరకు వెళ్లాడు. పికాసో చీకటి గదిలో చిన్న లైటుతో గాలిలో బొమ్మలు గీశాడు. మిలీ షట్టర్ తెరిచి ఉంచడమే కాక ఫ్లాష్ కూడా వెలిగించాడు. అందుకే ఆ ఫోటోల్లో బొమ్మా ఉంది, గీసిన మనిషీ ఉన్నాడు. ఫ్లాష్ లేకపోయినా మనం ఇది చేయవచ్చు. పేరు రాయడం పూర్తయ్యాక రాసినవాడు కదలకుండా నిలబడాలి. స్నేహితుడు రెండో టార్చిని ఒక్క క్షణం వాడి మొహం మీద వేయాలి. ఎంతసేపు వేయాలో రెండు మూడుసార్లు ప్రయత్నిస్తే తెలిసిపోతుంది.

నాన్నను నదిగట్టున నిలబెట్టి నేను ఇలాగే తీశాను. పెట్రోమాక్స్ దొరకలేదు, టార్చి ఇచ్చాను. తన సంతకం ఒక్కటే ఆయనకు రాయడం వచ్చు. అదే గాలిలో రాశాడు. మొహం మీద వెలుతురు వేసినప్పుడు అలవాటు చొప్పున పక్కకు తప్పుకోబోయాడు. "కదలకు నాన్నా" అన్నాను. ఇప్పుడా ఫోటో మా ఇంట్లో గోడ మీద ఉంది.

తమ్ముళ్లూ, మీరూ ఒక రాత్రి వార్డెన్ గారి అనుమతి తీసుకుని ప్రయత్నించండి. రవ్వల పొట్లం తిప్పాలనుకుంటే ఎండు కమ్మలు, గడ్డిమేట్లు, తాటాకిళ్లు ఉన్న చోట వద్దు. పెద్దవాళ్లను తోడు తీసుకుని, పక్కన నీళ్ల బకెట్ పెట్టుకుని, ఇసుక తిన్నె మీదనే తిప్పండి. పురుగూ పుట్రా ఉంటాయి, కాళ్లకు చెప్పులు ఉండాలి. ముందుగా ఎవరి పేరు వాళ్లు రాసుకోండి. తర్వాత అందరూ కలిసి హాస్టల్ పేరు రాయండి. వంటమనిషినీ, కమాటినీ, వాచ్‌మన్ గారినీ పిలిచి వాళ్ల చేతికీ టార్చి ఇవ్వండి. చివర్లో అందరి మొహాల మీదా వెలుతురు పడేలా చూసుకోండి. ఫోటో ప్రింటు వేయించి, వెనక ఎవరు ఎక్కడ నిలబడ్డారో పేర్లు, తేదీ రాసి పెట్టండి. వచ్చే ఏడాది ఈ సంచికలో ఆ ఫోటో చూడాలని ఆశ.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ పూర్వ విద్యార్థి