పాత లారీకి నాడి చూచుట

రోగి నాడి చూడక వైద్యుడు మందీయడు. యంత్రములకును ఈ ధర్మమే వర్తించును. అయినను యంత్రము చెడినప్పుడు మనలో పెక్కుమంది “ఏ భాగము మార్చవలెను?” అని అడుగుదురే కాని, “ఏల చెడినది?” అని అడుగరు. ఈ రెండు ప్రశ్నలకు గల భేదము నాకు నాచారములోని ఒక చిన్న కార్ఖానాలో బోధపడినది. మన విద్యార్థులకు ఉపయోగపడునని తలచి దానినిచ్చట వ్రాయుచున్నాను.

ఉప్పలు వరంగల్లు బాటకు వాకిలి వంటిది. నాచారము, మల్లాపురము, చర్లపల్లి పారిశ్రామిక వాడల సరకు మోయు లారీలు ఈ ప్రాంతమున రేయింబవళ్లు తిరుగుచుండును. అట్టి లారీలలో ఒకటి మా చిన్నాయనది. అది పాతది, దానిని ఆయనయే నడపును. ఇంటి గ్రాసమును, ఇద్దరు పిల్లల చదువును దానిమీదనే ఆధారపడియున్నవి.

కొన్ని యేండ్ల క్రిందట వానకాలమున ఆ లారీకి జబ్బు చేసెను. ఉదయమున ఎంతసేపు తిప్పినను ఇంజను అందుకొనదు. అందుకొన్నను తెల్లని పొగ వెడలును. బరువుతో ఘటకేశరము దాటి మిట్ట యెక్కునప్పుడు బలము తగ్గి నిలిచిపోవును. ఒక పంపుల దుకాణమువారు లక్షణములు విని, పంపు లోపలి భాగములన్నియు అరిగినవనియు, మార్చక తప్పదనియు చెప్పిరి. ఆ ఖర్చు చిన్నాయన శక్తికి మించినది. చిన్నమ్మ తన నగలు మూటకట్టి కుదువ పెట్టుటకు ఇచ్చెను. అంతకు ముందు నాచారములోని వృద్ధ మిస్త్రీకి ఒకసారి చూపుదమని నేను చెప్పగా, ముగ్గురము అతని కడ కూడితిమి.

ఇచ్చట డీజిలు ఇంజను సంగతి కొంత చెప్పవలెను. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ ఇంధనమును మండించును. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ లేదు. రుడాల్ఫ్ డీజిల్ అను ఇంజనీరు 1892లో ఈ పద్ధతికి పేటెంటు కోరి, 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గు నగరమున దానిని సఫలముగా నడపెను. గాలిని సుమారు పదునారవ వంతునకు కుదించినచో అది 500 డిగ్రీలకు మించి వేడెక్కును. అందులో ఇంధనమును మంచువలె చిమ్మగా తనంతట తానే మండును. అట్లు చిమ్ముటకు వాతావరణ పీడనమునకు సుమారు 200 రెట్ల ఒత్తిడి కావలెను. రాబర్టు బాష్ సంస్థ 1927లో ఇందులకు తగిన పంపులను విరివిగా చేయనారంభించెను. ద్రవము ఒత్తిడికి దాదాపు కుంచించుకొనదు, గాలి కుంచించుకొనును. కావున పంపులో గాలి చేరినచో, ఒత్తిన ఒత్తిడి గాలిని కుదించుటకే సరిపోయి, నాజిలు తెరచుకొనదు.

“పంపు ఖరాబైందంటున్నరు ఉస్తాద్” అని చిన్నాయన చెప్పెను. “పంపు యాడికి పోదు పటేలా, ట్యాంకి కాడికెల్లి షురూ చేద్దాం” అని మిస్త్రీ పనికి పూనుకొనెను.

మొదట ట్యాంకి మూతకు గల గాలిరంధ్రము చూచెను. అది మూసుకొన్నచో ఇంధనము సరిగా రాదు. పిమ్మట ఫిల్టరు అడుగు డీజిలును గాజుసీసాలోనికి వదలెను. నీరు డీజిలుకంటె బరువైనది గాన అడుగున నిలుచును; అందు రెండు మూడు బొట్లు మాత్రమే కనబడెను. తరువాత ఫిల్టరుపై మర వదులు చేసి ఫీడ్ పంపును చేతితో ఒత్తగా బుడగలు వచ్చెను. ఎంత ఒత్తినను అవి తరుగలేదు. గాలి పట్టినదని తేలెను.

అయినను అతడు అచ్చట ఆగలేదు. ఇంజను మెల్లగా నడచుచుండగా, ఒక్కొక్క నాజిలు గొట్టపు నట్టును వదులు చేసి మరల బిగించెను. ఆరింటికిని ఇంజను శబ్దము సమముగా తగ్గెను. అనగా ఆరును సమముగా పనిచేయుచున్నవి. నాజిలు చిమ్ము ధార చర్మమును చీల్చుకొని లోనికి పోగలదని నన్ను దూరముగా నిలిపెను. తుదకు శుభ్రమైన డీజిలు డబ్బాను ఎత్తున వ్రేలాడగట్టి, క్రొత్త గొట్టముతో తిన్నగా ఫీడ్ పంపునకు తగిలించెను. ఇంజను రెండవ త్రిప్పునకే అందుకొని అరగంట నిరాటంకముగా నడచెను. కావున దోషము ట్యాంకికిని ఫీడ్ పంపునకును నడుమ నున్నది. వెదుకగా రబ్బరు గొట్టమున, క్లిప్పు క్రింద, వెండ్రుకవంటి చీలిక కనబడెను.

“చీలిక యున్నచో డీజిలు ఏల కారలేదు?” అని నేనడిగితిని. పీల్చు గొట్టములో ఒత్తిడి బయటికంటె తక్కువ గనుక డీజిలు వెలుపలికి రాదనియు, గాలియే లోనికి పోవుననియు అతడు చెప్పెను. రాత్రివేళ ఆ గాలివలన డీజిలు ట్యాంకిలోనికి జారిపోవును. ఉదయపు బాధ అందువలననే. మిట్టమీద ఇంధనము ఎక్కువ కావలసి, పీల్పు హెచ్చి, గాలియు హెచ్చును. మూరెడు గొట్టమునకును రెండు క్లిప్పులకును ఒక పూట భోజనపు ఖర్చు మించలేదు. నగల మూట విప్పకయే ఇంటికి చేరెను.

పంపుల దుకాణమువారు అసత్యమాడిరని నేననను. పంపు అరిగినను ఇవే లక్షణములు కనబడును. ఒక లక్షణమునకు పలు కారణములుండుటచేతనే వరుస కావలెను: సులభముగా చూడదగినది ముందు, ఖరీదైనది తుదకు, ఒక్కసారి ఒక్క మార్పే.

2020 ఏప్రిల్ 1 నుండి అమలైన భారత్ స్టేజి 6 నియమముల ననుసరించిన క్రొత్త లారీలలో కంప్యూటరే దోషసంకేతమును చూపును. అయినను అది ఒత్తిడి తగ్గినదని చెప్పునే కాని, ఏ గొట్టము చీలినదో చెప్పజాలదు.

విద్యార్థులారా! ఒత్తిడి, పీల్పు, సాంద్రత అను మాటలను మీరు పరీక్షకొరకు వల్లించుచుందురు. బడికి పోని ఆ మిస్త్రీ వానితోనే ఒక కుటుంబమును అప్పునుండి కాపాడెను. మీ ఇంట ఏ యంత్రమైన చెడినప్పుడు, భాగము మార్చుటకు ముందు కారణమును వరుసగా వెదకుడు.